గజదొంగ కథ చెప్పాలంటే ఉరికంబం దగ్గర మొదలుపెట్టండి

పది మందిని కూర్చోబెట్టి చరిత్రలోని కథలు చెప్పడం నా పని. దారిదోపిడీ దొంగల కథలంటే పెద్దవాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. నల్ల గుర్రం, ముఖానికి గుడ్డ, వెన్నెల రాత్రి, బండిని ఆపి గద్దించే గొంతు. వినడానికి వచ్చినవాళ్లకు సగం కథ ముందే తెలిసి ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ తెలిసిన సగంలోనే కల్పన ఎక్కువ. ఇలాంటి కథ చెప్పాలనో, రాయాలనో అనుకునేవాళ్లకు పనికొస్తుందని నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అందులో ముఖ్యమైనది ఒక్కటే: కథను చివరి నుంచి వెనక్కి చదవాలి.

దోచుకుంటూ తిరిగినంత కాలం దొంగ గురించి మిగిలేవి పుకార్లే. పట్టుబడ్డాక పరిస్థితి మారుతుంది. ఎవరు పట్టుకున్నారు, ఏ నేరం మోపారు, సాక్షులు ఏమన్నారు, ఏ తేదీన ఎక్కడ ఉరితీశారు అన్నవన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. కాబట్టి ముందు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని, దానికి అతికేవి ఏవో, అతకనివి ఏవో తర్వాత చూసుకోవాలి.

ఇంగ్లండ్ గజదొంగల్లో అందరికంటే పేరుమోసిన డిక్ టర్పిన్‌నే తీసుకోండి. అతను బ్లాక్ బెస్ అనే నల్ల గుర్రం మీద లండన్ నుంచి యార్క్‌కు ఒక్క బిగిన స్వారీ చేశాడని, ఊరి పొలిమేరలో గుర్రం కుప్పకూలి చచ్చిపోయిందని కథ. దాన్ని కాసేపు పక్కన పెట్టి ఉరికంబం దగ్గరికి రండి. 1739 ఏప్రిల్ 7, యార్క్ శివార్లలోని నేవ్స్‌మైర్ మైదానం. అతన్ని ఉరితీసింది ఏ నేరానికి? బండ్లు దోచినందుకు కాదు, గుర్రాలు దొంగిలించినందుకు. ఒక రైతుకు చెందిన ఆడగుర్రం, దాని పిల్ల, ఇంకో గుర్రం. ఈ ఒక్క ముక్క చెప్పగానే వినేవాళ్ల ముఖాలు మారిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి అడుగు వేయండి.

అతను జైల్లోకి ఎలా వచ్చాడు? యార్క్‌షైర్‌లో జాన్ పామర్ అనే మారుపేరుతో, గుర్రాల వ్యాపారినని చెప్పుకుంటూ బతుకుతున్నాడు. 1738 అక్టోబరులో ఒకరోజు వీధిలో ఎవరిదో కోడిపుంజును కాల్చి చంపాడు. ఇదేం పని అని ఒకాయన అడిగితే, కాసేపు ఆగు, తుపాకీ మళ్లీ నింపుకుని నిన్నూ కాలుస్తానన్నాడు. ఫిర్యాదు వెళ్లింది. మంచి నడవడికకు పూచీకత్తు ఇమ్మంటే ఇవ్వలేదు. లోపల వేశారు. ఆరా తీస్తే గుర్రాల సంగతి బయటపడింది, యార్క్ కోటలోని జైలుకు మార్చారు. అప్పటికీ వాళ్ల దృష్టిలో అతను పామరే.

ఇక్కడ కథను నెమ్మదిగా నడపాలి, ఎందుకంటే దీనికంటే మంచి ఘట్టం ఏ కల్పనలోనూ దొరకదు. జైలు నుంచి పామర్ తన సొంతూరు హెంప్‌స్టెడ్‌లో ఉన్న బావకు ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో తపాలా ఖర్చు ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టాలి. యార్క్‌లో నాకెవరూ తెలియదంటూ బావ ఆ డబ్బు కట్టడానికి ఒప్పుకోలేదు. నిజంగానే పోల్చుకోలేదో, పోల్చుకుని వదిలించుకున్నాడో ఎవరి ఊహ వాళ్లది. ఉత్తరం శాఫ్రన్ వాల్డెన్ తపాలా కార్యాలయానికి తిరిగి వచ్చింది. దాని మీది చేతిరాత జేమ్స్ స్మిత్ అనే ఆయన కంటపడింది. చిన్నప్పుడు టర్పిన్‌కు రాయడం నేర్పింది ఆయనే. నేర్పినవాడు అక్షరాలను గుర్తుపట్టకుండా ఉంటాడా? యార్క్ వెళ్లి, ఖైదీని చూసి, ఇతను పామర్ కాదు, రిచర్డ్ టర్పిన్ అని చెప్పాడు. టర్పిన్ తల మీద 200 పౌండ్ల బహుమతి ఉంది. లండన్ దగ్గరి ఎప్పింగ్ అడవిలో 1737 మే నెలలో థామస్ మోరిస్ అనే మనిషిని కాల్చి చంపినందుకు ప్రకటించిన మొత్తం అది.

ఇంకా వెనక్కి వెళితే రంగు మరీ వెలిసిపోతుంది. టర్పిన్ మొదట మాంసం అమ్మే కసాయి. 1735లో అతను ఉన్న ముఠా దారులు కాయలేదు, ఇళ్లలో పడింది. ఎడ్జ్‌వేర్ దగ్గర డెబ్బయ్యేళ్ల రైతు ఇంట్లో చొరబడి, డబ్బు ఎక్కడుందో చెప్పమని ముసలాయనను తుపాకీ మడమలతో కొట్టారు, నిప్పు మీద కూర్చోబెట్టారు. ముఠా నాయకుడు ఆ ఇంటి పనిమనిషిపై అత్యాచారం చేశాడు. పిల్లలున్న సభలో ఈ వివరాలు నేను చెప్పను. కానీ టర్పిన్‌ను సరదా మనిషిగా చూపించడం కూడా నావల్ల కాదు. మీ శ్రోతలను బట్టి మీరు ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకోండి. దాచడం వేరు, తారుమారు చేయడం వేరు.

ఇప్పుడు ఆ గుర్రపు స్వారీ సంగతి. ఏ వీరగాథకైనా వేయాల్సిన ప్రశ్న ఒకటి: దీన్ని మొట్టమొదట ఎవరు, ఎప్పుడు రాశారు? టర్పిన్‌కు బ్లాక్ బెస్‌నూ యార్క్ స్వారీనీ కట్టబెట్టి లోకమంతా నమ్మేలా చేసింది విలియం హారిసన్ ఐన్స్‌వర్త్ 1834లో రాసిన ‘రూక్‌వుడ్’ నవల. అంటే ఉరి తర్వాత 95 ఏళ్లకు. సరే, ఐన్స్‌వర్త్ గాలిలోంచి పుట్టించాడా అంటే అదీ కాదు. అంతకుముందే ఆ స్వారీకి ఇంకో యజమాని ఉన్నాడు. ‘స్విఫ్ట్ నిక్’ అని పిలిచే జాన్ నెవిసన్ 1676 ప్రాంతంలో కెంట్‌లోని గాడ్స్ హిల్ దగ్గర తెల్లవారుజామున 4 గంటలకు ఒకరిని దోచి, ఆ సాయంత్రానికల్లా యార్క్ చేరి, అక్కడి మేయర్‌తో పందెం కాసి బంతాట ఆడాడట. అంత దూరంలో ఉన్నవాడు దోపిడీ ఎలా చేస్తాడని జూరీ వదిలేసిందట. దీన్ని రచయిత డేనియల్ డెఫో 1720లలో రాశాడు, దొంగ పేరును ‘నిక్స్’ అన్నాడు. అది కూడా సంఘటన జరిగిన అర్ధశతాబ్దం తర్వాతే.

ఇలాంటి చోట నేను చిన్న లెక్క వేసి చూపిస్తాను. సుమారు 200 మైళ్లు, దాదాపు 16 గంటలు. ఆగకుండా పోయినా గంటకు పన్నెండున్నర మైళ్లు. డెఫో కథలోనేమో గ్రేవ్‌సెండ్ దగ్గర పడవ కోసం గంటసేపు ఆగడం, దారిలో గుర్రానికి మేత పెట్టడం, కునుకు తీయడం కూడా ఉన్నాయి. ఒకే గుర్రం మీద అది అయ్యే పనేనా అని శ్రోతలనే అడగండి. గుర్రాల గురించి తెలిసినవాళ్లు ఒక్కరున్నా మీ పని తేలిక. ఒక దొంగ కోటును ఇంకో దొంగకు తొడగడం ఈ కథల్లో మామూలే, కాబట్టి ఒక ఘనకార్యం కనిపించగానే అంతకుముందు అది ఎవరి పేరున ఉందో వెతకండి.

కాగితాలన్నీ ఒక్కటి కావు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల ముద్రిత నివేదికలు 1674 నుంచి 1913 వరకు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. లండన్‌లోని న్యూగేట్ జైలు పాదిరీ ప్రచురించిన ఖైదీల జీవిత కథలూ అక్కడే దొరుకుతాయి. పాదిరీకి ఆ చిన్న పుస్తకాల అమ్మకం మీద ఆదాయం ఉండేది, కాబట్టి పశ్చాత్తాపం ఎంత బాగా ఒలికితే ఆయనకు అంత లాభం. ఇక మూడో రకం, వీధిలో అమ్మే పుస్తకాలు. టర్పిన్ విషయంలో విచారణ యార్క్‌లో జరిగింది కనుక ఓల్డ్ బెయిలీలో వెతికి లాభం లేదు. థామస్ కిల్ అనే సంక్షిప్తలేఖకుడు కోర్టులో రాసుకున్న ప్రతిని యార్క్‌లోనే అచ్చువేశారు. అదే 1739లో రిచర్డ్ బేయిస్ అనే ఆయన టర్పిన్ ‘అసలు చరిత్ర’ అంటూ ఇంకో పుస్తకం తెచ్చాడు. ఈ బేయిస్ ఎప్పింగ్ అడవి దగ్గర సత్రం నడిపేవాడు. టర్పిన్ జతగాడు మాథ్యూ కింగ్ గుండు తగిలి చనిపోయిన పెనుగులాటలో ఆయనా ఉన్నాడు. కింగ్‌ను కాల్చింది ఎవరన్నది ఇప్పటికీ వివాదమే. ఆ తుపాకీ టర్పిన్‌దే అని రాసిన మనిషి స్వయంగా అక్కడ ఉన్నవాడని తెలిశాక ఆ పుస్తకాన్ని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

కోర్టు కాగితమైనా కడిగిన ముత్యం కాదు. 1692లో చేసిన చట్టం ప్రకారం దారిదోపిడీ దొంగను పట్టి శిక్ష వేయించినవాళ్లకు 40 పౌండ్లు, దాంతోపాటు ఆ దొంగకున్న గుర్రం, ఆయుధాలు, డబ్బు (అవి ఇంకొకరివి కాకపోతే) దక్కేవి. శిక్ష పడితేనే సొమ్ము. సాక్షి గట్టిగా చెప్పడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి? జోనథన్ వైల్డ్ ఈ బహుమతుల మీదే లండన్‌లో పెద్దమనిషిగా చలామణి అయ్యాడు. దొంగలను పట్టించేదీ ఆయనే, దొంగసొత్తు బేరాలు కుదిర్చేదీ ఆయనే. 1725లో ఆయననూ ఉరితీశారు. అందుకని ప్రతి సాక్ష్యం పక్కనా ‘ఇతనికి ఏం ముట్టింది?’ అని పెన్సిలుతో రాసుకోవడం నాకు అలవాటు.

వెతికేటప్పుడు రెండు మెలికలు గుర్తుంచుకోండి. మొదటిది పేర్లు: ఒకే మనిషిని మెక్లేన్ అనీ, మెక్లీన్ అనీ, ఇంకోలాగానూ రాస్తారు. దొంగ పేరుతో దొరక్కపోతే దోపిడీకి గురైనవారి పేరుతోనో, చోటు పేరుతోనో వెతకండి. రెండోది తేదీలు, ఇది చాలామందిని తికమకపెడుతుంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. టర్పిన్ విచారణ మార్చి 22న, ఉరి ఏప్రిల్ 7న. పాత లెక్కలో చూస్తే విచారణ 1738లో, ఉరి 1739లో! మధ్యలో ఏడాది గడిచిందని అనుకోకండి, గడిచింది 16 రోజులే.

డబ్బును ఈనాటి విలువలోకి మార్చి చెప్పడం నాకు నచ్చదు. ప్రతి ఒక్కరూ ఒక్కో అంకె చెబుతారు. అప్పటి డబ్బును అప్పటి డబ్బుతోనే పోల్చండి. పౌండుకు 20 షిల్లింగులు. టర్పిన్ తన అంతిమయాత్ర వెంట ఏడుస్తూ నడవడానికి ఐదుగురిని మూడు పౌండ్ల పది షిల్లింగులకు కుదుర్చుకున్నాడు, అంటే తలా 14 షిల్లింగులు. ఉరికి వెళ్లేందుకు కొత్త కోటు, కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. ఈ డాబు మాత్రం నిజమే. ఉరికంబం దగ్గర తలారితో కాసేపు మాట్లాడి తనే నిచ్చెన మీది నుంచి దూకేశాడు. ఆ తలారి కూడా క్షమాభిక్ష పొందిన పాత దారిదొంగే.

ఇక మర్యాదస్తుడైన దొంగ. ఈ రకం అంటే నాకు ఒళ్లుమంట, అయినా జనానికి చాలా ఇష్టం కాబట్టి తప్పదు. క్లాడ్ డువాల్ నార్మండీ నుంచి వచ్చిన ఫ్రెంచివాడు. 1670 జనవరి 21న లండన్‌లో ఉరితీతలు జరిగే టైబర్న్‌లో ఉరితీశారు. ఒక బండిని ఆపి, అందులోని దొరసానితో పచ్చిక బయలు మీద నాట్యం చేసి, ఆమె భర్త దగ్గరున్న 400 పౌండ్లలో 100 మాత్రమే తీసుకున్నాడని కథ. ఇది ఎక్కడిది అని అడిగితే, ఉరి జరిగిన ఏడాదే వచ్చిన పుస్తకంలోనిది. ఏడాదే కదా, నమ్మవచ్చు అనుకుంటారు. కానీ అది వ్యంగ్య రచన. ఫ్రెంచివాడు కనిపిస్తే చాలు కరిగిపోయే ఇంగ్లిషు స్త్రీలను వెక్కిరించడానికి రాసింది. తొందరగా రాసినంత మాత్రాన సాక్ష్యం అయిపోదు, ఎందుకు రాశారన్నదీ చూడాలి. 1860లో ఒక చిత్రకారుడు ఆ నాట్యాన్ని బొమ్మగా వేశాక వెక్కిరింత మాయమైపోయి శృంగారం మిగిలింది.

నిజమైన మర్యాద ఎలా ఉంటుందో చూడాలంటే జేమ్స్ మెక్లేన్ దగ్గరికి రండి. ఐర్లండ్‌లో ఒక పాదిరీ కొడుకు. 1749 నవంబరులో లండన్‌లోని హైడ్ పార్కులో రచయిత హోరేస్ వాల్‌పోల్ బండిని ఆపాడు. తుపాకీ పొరపాటున పేలి గుండు వాల్‌పోల్ కంటి కింద చర్మాన్ని గీసుకుంటూ పోయింది. తర్వాత మెక్లేన్ క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశాడు, అందులోనే పోయిన వస్తువులను తిరిగి కొనుక్కోమని బేరం కూడా పెట్టాడు. దోపిడీకి గురైన మనిషే ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద ఉత్తరాల రచయిత కావడం మన అదృష్టం. మరుసటి ఏడాది మెక్లేన్ ఒక ప్రయాణికుడి నుంచి దోచిన జరీ బట్టలు అమ్మజూపి పట్టుబడ్డాడు. శిక్ష పడిన తర్వాతి ఆదివారం మూడు వేల మంది జైలుకు చూడటానికి వెళ్లారని, ఉక్కకు అతను రెండుసార్లు స్పృహ తప్పాడని వాల్‌పోలే రాశాడు. 1750 అక్టోబరు 3న ఉరి.

‘దుష్ట దొరసాని’ కేథరిన్ ఫెర్రర్స్ గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేయండి. 1660లో చనిపోయిందని ఆధారం ఉంది, రాత్రిళ్లు మగవేషంలో దోచుకుందని ఆ కాలపు కాగితం ఒక్కటీ లేదు.

ఇంగ్లండ్ దాటితే పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ దొంగ వెనుక ఒక రైతాంగమో, ఒక పన్నుల గొడవో ఉంటుంది, కాబట్టి కల్పనను తీసి పారేస్తే సరిపోదు. స్లొవేకియాలోని టెర్ఖోవాలో 1688లో పుట్టిన యురాయ్ యానోషిక్‌ను 1713లో చంపారు. మహిమగల నడికట్టు, చొక్కా, చేగొడ్డలి ఉండేవని, ఒక ముసలమ్మ కాళ్ల కింద బఠాణీలు చల్లితే జారిపడి దొరికిపోయాడని జానపదం. బఠాణీలు జరగలేదని చెప్పడం మీ పని కాదు. ప్రభువుల మీద కసి ఉన్న పల్లెలు ఓటమిని అలా చెప్పుకున్నాయని చెప్పాలి. ఫ్రాన్స్‌లో లూయీ మాండ్రిన్ పన్నులు గుత్తకు తీసుకున్నవాళ్లకు ఎదురు తిరిగి, పన్ను ఎగ్గొట్టి తెచ్చిన సరుకు అమ్మాడు, 1755 మే 26న వాలెన్స్‌లో చక్రం మీద ఎముకలు విరగ్గొట్టి చంపారు. అతన్ని జనం ఎందుకు ప్రేమించారో చెప్పాలంటే ముందు ఉప్పు, పొగాకుల మీద పన్ను గురించి రెండు నిమిషాలు చెప్పక తప్పదు. జర్మనీ దొంగ షిండర్‌హానెస్‌ను 1803లో మైంజ్‌లో మరో 19 మందితో కలిపి శిరచ్ఛేదం చేశారు. ధనికులను దోచాడంటారు. దోపిడీకి గురైనవారిలో యూదు వర్తకులు ఎక్కువ. ‘ధనికులు’ అనే మాట ఎవరిని కప్పిపుచ్చుతోందో చూసుకోండి.

శ్రోతలు నీరసపడితే నేను బయటకు తీసేది బ్లాక్ బార్ట్. కాలిఫోర్నియాలో 1875 నుంచి 1883 వరకు వెల్స్ ఫార్గో అనే కంపెనీ సొమ్ము తీసుకెళ్లే బండ్లను 28 దాకా దోచాడు. గుర్రాలంటే పడదు, కాలినడకనే వచ్చేవాడు. రెండు చోట్ల పద్యాలు రాసి వదిలి వెళ్లాడు. చివరి దోపిడీ మొదటి దోపిడీ జరిగిన చోటే; అక్కడ గాయపడి పారిపోతూ చేతి రుమాలు పడేసుకున్నాడు. రుమాలు మీద చాకలి గుర్తు ఉంది. గూఢచారులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని చాకలి దుకాణాలు ఒక్కొక్కటే తిరిగి, ఆ గుర్తు ఎవరిదో పట్టుకున్నారు. చూస్తే గనుల వ్యాపారినని చెప్పుకునే మర్యాదస్తుడైన పెద్దమనిషి. అతనికి ఉరి లేదు, జైలుతో సరిపోయింది. టర్పిన్ చేతిరాత, మెక్లేన్ జరీ బట్టలు, ఈ రుమాలు వరసగా చెప్పి చూడండి. వాటి తర్వాత నల్ల గుర్రం ఎవరికీ గుర్తుండదు.

‘ఆ దొంగలంతా ఏమైపోయారు?’ అని చివర్లో తప్పకుండా అడుగుతారు. సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. 1784లో బ్రిస్టల్, లండన్ మధ్య తపాలా బండ్లు మొదలై, వెనక సీట్లో తుపాకులతో కాపలావాడు కూర్చున్నాడు. ఆ పథకం వేసినాయన పేరు జాన్ పామర్, టర్పిన్ మారుపేరే! ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఉత్త కాకతాళీయం, కానీ చెప్పకుండా ఉండలేను. 1805లో లండన్ బో స్ట్రీట్ కోర్టు నడిపిన గుర్రపు గస్తీ దళం నగరం చుట్టూ రోడ్ల మీదికి వచ్చింది. సుంకపు గేట్లు పెరిగాయి, ఖాళీ బయళ్లకు కంచెలు పడ్డాయి, బంగారు నాణేల బదులు నంబరు ఉన్న నోట్లు తిరగసాగాయి. గుర్రం మీద వచ్చి చేసిన చివరి దోపిడీగా ఇంగ్లండ్‌లో 1831ని చెబుతారు.

ఆ తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: దోచిన సొమ్ము ఎక్కడ పాతిపెట్టారు? పాతిపెట్టడానికి మిగిలితే కదా. దొంగసొత్తు కొనేవాళ్లు తక్కువ ధర కట్టేవాళ్లు, ఆ వచ్చింది బట్టలకు, జూదానికి, సత్రాలకు, లంచాలకు పోయేది. మెక్లేన్ అద్దెకున్నది సెయింట్ జేమ్స్ వీధిలో, పెద్ద పెద్ద దొరలు జూదమాడే వైట్స్ క్లబ్బుకు ఎదురుగా.